బొటనవేలంత ఉక్కు

మా పిన్ని కత్తికి అయిదు నిషేధాలున్నాయి. దాన్ని గడప మీద పెట్టకూడదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఇద్దరికీ తగవు వస్తుంది. మంగళవారం నాడు సాన పట్టించకూడదు. నూనె రాయకుండా మూలన పెట్టకూడదు. పదునుపెట్టే మిషను మీద పెట్టకూడదు. వీటిలో ఏది అనుభవమో, ఏది ఆచారమో ఆవిడ ఎన్నడూ విడదీసి చెప్పలేదు. అన్నిటినీ ఒకే గొంతుతో, ఎక్కం ఒప్పజెప్పినట్టు చెప్పేది. నేనూ విడదీసి వినలేదు. నూనె సంగతి తుప్పుకు సంబంధించినది కనక దాన్నొక్కదాన్ని ఒప్పుకుని, మిగిలిన నాలుగింటినీ ఒకే గాటన కట్టేశాను. ఆ నాలుగింటిలో ఒకటి అక్షరాలా నిజమని తెలిసిన రోజున నాకు అన్నం సహించలేదు.

నా ఉద్యోగమే నమ్మకపోవడం. అమలాపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ప్రయోగశాలలో పని చేస్తాను. ఐ.పోలవరం వైపు నుంచి రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని వస్తారు. "ఈ మందు జల్లితే నీళ్ళు మూడు రోజుల్లో తేటపడ్డాయండి" అని ఒకరంటారు. "జల్లని చెరువులో ఎన్నాళ్ళకు తేటపడ్డాయండీ?" అని నేను అడుగుతాను. చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ఉన్నా అది కూడా మూడు రోజులే. ఈ అలవాటు ఇంటికి వచ్చాక విప్పి చిలక్కొయ్యకు తగిలించగలిగేది కాదు. అందుకే మా బంధువులు నా ఎదుట ఏ చిట్కా చెప్పాలన్నా ఒక క్షణం ఆగుతారు. ఆగనిది మా పిన్ని ఒక్కతే.

ఆవిడ మురమళ్ళలో ఒక్కతే ఉంటుంది. పనసపొట్టు కొట్టడం ఆవిడ పని. లేత పనసకాయను సన్నటి పొట్టుగా నరికి, ఆవపిండి పెట్టి వండిన కూర లేనిదే మా ప్రాంతంలో విందు విందులా ఉండదు. ఆ పొట్టు కొట్టడం మాత్రం అందరికీ చేతకాదు. ముళ్ళతోలు చెక్కేసి, తొడిమ పట్టుకుని కాయను పీట మీద నిలబెట్టి, దాని ముఖం మీద కత్తితో దగ్గర దగ్గరగా గాట్లు వేస్తారు. ఆ గాట్లు పడిన మేరకు పలచగా ఒక పొర లేపుతారు. మళ్ళీ గాట్లు, మళ్ళీ పొర. చేతికీ కత్తికీ కొబ్బరినూనె రాసుకోకపోతే పనసజిగురు రెంటినీ ఒకటి చేసేస్తుంది. ఆ చప్పుడు దూరం నుంచి వింటే వాన చినుకులు తాటాకు మీద పడుతున్నట్టుంటుంది.

కత్తి ఆవిడ మావగారిది. ఆయన పెళ్ళిళ్ళకు వంటలు చేసిన మనిషి. జానెడున్నర పొడవు, చింతకర్ర పిడి, మూడు రూపాయి బిళ్ళలు పేర్చినంత మందమైన వెన్ను. ఒంటినిండా నలుపు, అంచున మాత్రం తెల్లటి గీత. ఒకసారి ప్రయోగశాల తక్కెడలో పెట్టి తూచాను. ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ. ఎంత బాగా చేశారంటే, పిడికి ముందు ఒక వేలు దూరంలో దాన్ని చూపుడువేలి మీద ఆనిస్తే ఎటూ ఒరగకుండా నిలుస్తుంది. అందమని నేను వాడే మాటకు ఇంతకంటే నిరూపణ అక్కర్లేదు.

గడిచిన ఏడాది చివర మా పిన్ని కుళాయి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు గారు మెల్లిగా పనులు మొదలుపెట్టమన్నారు. మెల్లిగా అంటే ఎంత అని ఆవిడ అడగలేదు. ఒక గృహప్రవేశానికి గురువారం ఉదయానికల్లా ఆరు కాయల పొట్టు ఇస్తానని ఒప్పేసుకుంది. కట్టు విప్పాక అదే మొదటి పని. అది చెయ్యగలిగితే ఆవిడ ఇంకా పొట్టు కొట్టే మనిషి. చెయ్యలేకపోతే, ఊళ్ళో అందరూ "పాపం, ఒకప్పుడు కొట్టేవారండి" అని చెప్పుకునే మనిషి. ఈ మాట నాతో ఆవిడే అంది, చాలా మామూలుగా.

ఆ ముందు ఆదివారం నేను వెళ్ళేసరికి ఒక కాయతో చెయ్యి పరీక్షించుకుంటోంది. సగం అయ్యేసరికి కత్తి కింద పెట్టి మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి కాదే, కత్తి. మొద్దుబారింది. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ దీన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు."

"చెయ్యి కాదని ఎలా తెలుసు పిన్నీ?"

"ఇదిగో, మొదలెట్టేవా?"

మొదలుపెట్టాను. పిన్ని అల్లుడు కువైట్ నుంచి తెచ్చిన కత్తి ఒకటి అట్టపెట్టెలోనే ఉంది. వేలాడదీసిన కాగితాన్ని అది చప్పుడు లేకుండా చీల్చింది. మంచి కత్తే. ఒక పిడికెడు పొట్టు దానితో కొట్టించి ఒక పళ్ళెంలోనూ, పాత కత్తితో కొట్టింది ఇంకో పళ్ళెంలోనూ వేసి, ఉప్పూ పసుపూ కలపకుండా అరగంట చూశాను. పాత కత్తిది తడిసి ముద్దయి, గోధుమరంగుకు తిరిగింది. కొత్త కత్తిది దాదాపు తెల్లగానే ఉంది. మొద్దుకత్తి కాయను కోయదు, నలుపుతుంది. నలిగిన చోట రసం బయటికొచ్చి గాలి తగిలి నల్లబడుతుంది. ఆవిడ మాట నిజమే.

"అయితే దీంతోనే కొట్టు" అన్నాను కొత్త కత్తి చూపించి.

"అది ఉల్లిపాయకి మొగుడు, పనసకాయకి చుట్టం. తేలిగ్గా ఉందే. దెబ్బ నేనే వెయ్యాలి. నాది అయితే తనే పడుతుంది, నేను ఎత్తితే చాలు."

ఎత్తడానికీ బలం కావాలి కదా అనబోయి, ఆవిడ మణికట్టు చూసి ఊరుకున్నాను. కొత్త కత్తితో నాలుగు పొరలు లేపేసరికే అది వాచింది. బరువూ వాడీ రెండూ కావాలి. పాత కత్తికి పదును పెట్టించడం తప్ప దారి లేదు.

"కాలవ గట్టు మీద కమ్మరి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళు. మిషను మీద పెట్టకు. మంగళవారం వద్దు" అని కత్తిని నేల మీద పెట్టింది, నేను తీసుకోడానికి.

కత్తిని పాత లుంగీ గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. సోమవారం తీరిక దొరకలేదు. కాలవ గట్టుకు వెళ్ళాలంటే ఒక పూట సెలవు పెట్టాలి. మా ప్రయోగశాల ఉన్న వీధి చివరే కత్తెరలకూ కత్తులకూ కరెంటు చక్రం మీద పదును పెట్టే దుకాణం ఉంది. రాయి మీద రుద్దినా చక్రం మీద రుద్దినా జరిగేది రాపిడే కదా అని తర్కించుకుని, మంగళవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. ఆ రోజు మంగళవారమని నాకు గుర్తుంది. నిజం చెప్పాలంటే, ఆ గుర్తు నాకు కాస్త సరదాగానే ఉంది.

"రెండు నిమిషాల్లో అద్దంలా చేసిస్తానండి" అన్నాడు దుకాణం ఆయన.

చక్రం తిరిగింది. నిప్పురవ్వలు లేచాయి. మామూలు ఇనుము రవ్వలు గీతల్లా సాగి ఆరిపోతాయి. ఇవి చివర్న పూలలా విచ్చుకుంటున్నాయి. బొగ్గుపాలు, అంటే కార్బన్, ఎక్కువున్న మంచి ఉక్కుకు అదే గుర్తు. పుస్తకంలో చదివింది కళ్ళెదుట కనిపిస్తుంటే మురిసిపోతూ ఆ రవ్వల్నే చూస్తూ నిలబడ్డాను. కత్తి అంచును చూడలేదు. నా చదువే నా చూపును రెండు అంగుళాలు పక్కకు తిప్పింది.

ఆయన కత్తి చేతికిచ్చేసరికి అంచు పొడుగునా నెమలిమెడ లాంటి నీలిరంగు చార ఉంది.

"అదేం కాదండి, తుడిస్తే పోద్దండి" అన్నాడు.

తుడిస్తే పోదు. ఉక్కు మూడు వందల డిగ్రీల చుట్టుపక్కలకు వేడెక్కితే ఆ రంగు వస్తుంది. కమ్మరి కాల్చి, నీళ్ళలో ముంచి తెచ్చిన గట్టిదనం ఆ వేడికి సడలిపోతుంది. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మిషను మీద పెట్టకూడదన్న మాటకు అర్థం ఇదేనని మాత్రం ఆ నీలం చూసేదాకా తట్టలేదు. ఆ మాట గడపతోనూ మంగళవారంతోనూ కలిసి వచ్చింది. దాని పక్కన ఉన్నవాటిని చూసి దాన్ని తోసేశాను. పరీక్షించకుండా నమ్మడాన్ని జీవితమంతా వెక్కిరించిన నేను, పరీక్షించకుండా తోసెయ్యడం కూడా నమ్మకమే అన్న సంగతి ఒకరి కత్తి ఖర్చు మీద నేర్చుకున్నాను.

సాయంత్రం బస్సులో మురమళ్ళ వెళ్తూ, ఒళ్ళో కత్తి పెట్టుకుని, దాచే మార్గం కూడా ఆలోచించాను. దట్టంగా నూనె రాస్తే నీలం కనపడదు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడడానికి దారి పొడుగునా సమయం దొరికింది. ఇంట్లో అడుగుపెడుతూనే గుడ్డ విప్పి నేల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

పిన్ని కత్తిని తీసుకుంది. బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూసింది. "వాడిగానే ఉందే" అంది.

వాడిగానే ఉంటుంది, నిలవదు అని చెప్పాను. ఆవిడకు నా మాట మీద ఉన్న నమ్మకం నాకు ఆవిడ మాట మీద ఉన్నంతే. కాయ తెచ్చుకుని కూర్చుంది. మొదటి పొర ఎంత తేలిగ్గా లేచిందంటే, ఆవిడ మొహంలో వెలుగు చూసి నేనే తప్పయితే బాగుండునని కోరుకున్నాను. పావు కాయ అయ్యేసరికి చప్పుడు మారింది. పొట్టు తడిసింది. కత్తి ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే అంచు ఒక పక్కకు మడిచిన కాగితంలా ఒరిగిపోయింది.

"పోయిందా?" అని అడిగింది. కత్తి గురించే అడిగింది. కానీ కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"తెలీదు పిన్నీ. రేపు చూద్దాం."

"నీకు తెలీదని నువ్వనగా వినడం ఇదే మొదటిసారి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

బుధవారం పొద్దున్నే సెలవు పెట్టి ఇద్దరం ఆటోలో కాలవ గట్టుకు వెళ్ళాం. కత్తి ఆవిడ ఒళ్ళో ఉంది. కమ్మరి పెద్దాయన కొబ్బరికాయలు ఒలిచే గునపానికి మొన తీరుస్తున్నారు. పిన్ని నేల మీద పెట్టిన కత్తిని తీసుకుని, నీలాన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. ఎవరు చేసి ఉంటారో అడగక్కర్లేకపోయింది.

"మిషను మీద పెట్టేరాండి, అమ్మాయిగారూ?"

"పెట్టేనండి."

"అదీ మంగళవారం నాడు" అంది పిన్ని.

"మంగళవారానికేం లేదండి, చెల్లెమ్మగారూ. మా నాన్నగారు మంగళవారం సంతకెళ్ళేవారు. కొలిమి మూసుండేది. ఆ రోజు రావద్దని అందరికీ చెప్పేవారండి."

పిన్ని ఆ మాట విననట్టే కొలిమి వైపు చూసింది. ఇంకో రోజైతే నేను ఆ సంగతి నెలరోజులు చెప్పుకుని తిరిగేదాన్ని. ఆ రోజు నాకు కత్తి సంగతే కావాలి.

మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడదా అని అడిగాను. గట్టిపడొచ్చు, పగలనూ వచ్చు అన్నారు. "పాత ఉక్కండి. పగిల్తే మీరూ నేనూ ఆవిడకి మొహం చూపించలేం. నీలం ఉన్నంత మేరా రాయి మీద చేత్తో అరగదీసేస్తే, కింద చెడని ఉక్కు దొరుకుద్ది. దొరికితేనండి. ఇది చేసింది మా నాన్నగారేనండి, ఆయన కత్తంతా ఉక్కుతో చేసేవారు కాదు. ఒళ్ళు ఇనుము, అంచుకి మాత్రం ఉక్కు అతికేవారు. ఇన్నేళ్ళ అరుగుదలకి ఎంత మిగిలిందో పైకి తెలీదండి. అరగదీసేక ఇనుము వచ్చిందనుకోండి, ఇంక అది కత్తి కాదు."

"వెన్నుదాకా ఉక్కే. మా మావగారు చెప్పేరు" అంది పిన్ని.

పెద్దాయన కత్తి వెన్ను మీద వేలు రాసి చూశారు. ఆయనకూ నాలాగే అనుమానం ఉందని తెలిసింది. అరగదీయక ముందే తెలుసుకునే దారి ఉందేమో ఆలోచించాను. నిన్న రవ్వలు చెప్పింది రాలిపోయిన ఉక్కు గురించే. మిగిలినదాని గురించి కాదు. పులుపు మాత్రం చెప్పగలదు. ఉక్కూ ఇనుమూ పులుపుకు ఒకేలా నల్లబడవు. బొగ్గుపాలు ఉన్న ఉక్కు ముందుగా, ముదురుగా నల్లబడుతుంది. పక్కింటి పెరట్లోంచి రెండు నిమ్మకాయలు అడిగి తెచ్చాను. కత్తికి ఒక పక్క సబ్బుతో జిడ్డు వదిలించి, గరుకు కాగితంతో తెల్లబడేదాకా రుద్ది, నిమ్మరసం పూసి, నీడలో పీట మీద పెట్టాను.

"కత్తికి పచ్చడి పెడుతోందండి మా అమ్మాయి" అంది పిన్ని పెద్దాయనతో. నిన్నటి నుంచి ఆవిడ వేసిన మొదటి వేళాకోళం అది.

ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. పావుగంట దాకా ఏమీ లేదు. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి బూడిదరంగు మెల్లిగా ముదరసాగింది. వెన్ను వైపు తెల్లగానే ఉంది. రెంటికీ మధ్య ఒక గీత తేలింది, తీరం వెంబడి నీళ్ళు నిలిచిన చోటులా కాస్త వంకరగా. గీత నుంచి అంచుకు ఉన్న దూరం కొలిచాను. మొన దగ్గర చిటికెనవేలు గోరంత. పొట్టు కొట్టే నడిమి భాగంలో నా బొటనవేలంత. నీలం చార బియ్యపుగింజ వెడల్పు కూడా లేదు.

అయినా ఒక్క పరీక్షతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. పెద్దాయన ఆకురాయి తీసి ఇచ్చారు. ఇనుపపనిలో అరగదీయడానికి వాడే గరుకు కమ్మీ అది. మెత్తటి లోహాన్ని కొరుకుతుంది, గట్టిదాని మీద జారిపోతుంది. నీలం మీద కొరికింది. నీలం దాటి వెన్ను వైపు పెడితే జారింది. ఇంకోచోట చూశాను. జారింది. మూడోచోట కూడా.

"చాలండి అమ్మాయిగారూ, ఆకురాయి అరిగిపోద్ది" అన్నారాయన.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆయన తడి సానరాయి మీద ఆ బియ్యపుగింజ వెడల్పును అరగదీస్తూ కూర్చున్నారు. ఒక చేత్తో నీళ్ళు చిలకరించుకోవడం, పది సార్లు తోయడం, అంచు మీద వేలు ఆనించి చూడడం. ఎందుకని అడిగాను.

"వేలు కాలితే కత్తి కాలినట్టేనండి. వేలికి చల్లగా ఉంటే కత్తికీ చల్లనే."

దానిలో తప్పు పట్టడానికి నిజాయితీగా ప్రయత్నించాను. దొరకలేదు. ఏ వేడికి ఉక్కు చెడుతుందో దానికి ఎంతో ముందే వేలు వెనక్కు వచ్చేస్తుంది. ఇంతకంటే చవకైన, ఇంతకంటే భద్రమైన కొలమానం మా ప్రయోగశాలలో లేదు.

గురువారం తెల్లవారగానే పిన్ని పీట వేసుకుని కూర్చుంది. ఆరు కాయలు తోలు చెక్కి వరసగా పెట్టాను. ఆవిడ కుడి అరచేతికీ కత్తికీ కొబ్బరినూనె రాసుకుంది. కత్తిని ముందటిలా భుజం దాకా లేపలేదు. జానెడు ఎత్తుకు లేపి వదిలింది. అది తనే పడింది. మళ్ళీ లేపింది. చప్పుడు తాటాకు మీద చినుకుల్లా మొదలైంది. మొదటి కాయ, రెండో కాయ. రెండో కాయ తర్వాత చెయ్యి దులుపుకుంటే నొప్పేమోనని ముందుకు వంగాను. నూనె రాసుకోవడానికే దులుపుకుంది.

నేను ఒక పిడికెడు పొట్టు పళ్ళెంలోకి తీసి గడియారం చూడడం మొదలుపెట్టాను.

"చూసింది చాల్లే. ఉప్పూ పసుపూ కలుపు. వాళ్ళు వచ్చేస్తారు."

"ఒక్క అరగంట."

"అరగంటలో అది నల్లబడితే ఏం చేస్తావు, మళ్ళీ నిమ్మకాయ పిండుతావా?"

నల్లబడలేదు. నాలుగో కాయ దగ్గర అసలు విషయం చెప్పెయ్యడం మంచిదనుకున్నాను. "పిన్నీ, మీ మావగారు చెప్పింది మాత్రం తప్పు. వెన్నుదాకా లేదు. బొటనవేలంతే ఉంది."

ఆవిడ దెబ్బ ఆపలేదు. "ఆయన పెళ్ళైన కొత్తలో నాకు చెప్పేరు. అప్పుడు వెన్నుదాకా ఉండేదేమో, నేనే అరగ్గొట్టేనేమో."

"అలా ఉండదు పిన్నీ, అతుకు గీత..."

"బొటనవేలంత నాకు చాలదా? నువ్వే లెక్క చెప్పు."

లెక్క నేను ముందే వేసి ఉన్నాను. ఏటా రాయి మీద ఎంత అరుగుతుందో పెద్దాయనను అడిగి, రెండు రకాలుగా వేసి చూశాను. ఎలా వేసినా ఆవిడకు చాలుతుంది, నాకూ చాలుతుంది, ఇంకా మిగులుతుంది. "చాలుతుంది" అన్నాను.

"మిషను మీద పెట్టకపోతే" అంది.

ఆరో కాయ తొడిమ ఒక్కటే చేతిలో మిగిలేసరికి బయట ఆటో ఆగిన చప్పుడు. గృహప్రవేశం వాళ్ళు రెండు గంగాళాల్లో పొట్టు ఎత్తించుకుని, వేళ్ళతో నలిపి చూసి, "పొడిపొడిగా ఉందండి" అని వెళ్ళిపోయారు. వాళ్ళకు ఆ వారమంతా ఏమీ జరగనట్టే. అప్పుడు గాని నేను కింద కూర్చోలేదు.

పిన్ని మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కాస్త వాచింది. రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, వేడినీళ్ళు కాచమంది. కత్తికి నూనె రాసి, గుడ్డ చుట్టి, తన పక్కనే పెట్టుకుంది.

"కొత్తపేట నుంచి ఎవరో ఫోన్ చేసేరు మొన్న. పెళ్ళికి పది కాయలంట. చూసి చెప్తానన్నాను" అంది. "ఫోన్ చేసి చెప్పు వాళ్ళకి."

"ఏమని చెప్పను?"

"ఆయ్, అలాగేనండి అని చెప్పు."

పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చి, ఆ నంబరు నొక్కాను.